పచ్చిది

ముప్పై లెట్యూస్ మొక్కలు.
లెక్క బాగా గుర్తుంది నాకు,
చంపింది నేనే కనుక.

సాల్మన్ చేపల కంపెనీ గేటు మూసేసిన వారానికి
బూట్ల నిండా ఇంకా ఉప్పు చెమ్మతోనే
చిలోయే దీవిలో, ఎదెల్మిరా పెద్దమ్మ వాకిట్లో దిగాను.
"కూర్చుని తినే కుర్చీ లేదిక్కడ" అంది.
పార చేతిలో పెట్టింది.

పదకొండు కోళ్ళు, ఒక కుంటి పుంజు.
నీలం గుడ్లు పెట్టే జాతి.
గుడ్డు ఆకాశం రంగులో ఉన్నంత మాత్రాన
గూటి కింద స్వర్గమేం ఉండదు.
గీకి, తోడి, రెండు బకెట్లు నింపాను.
కొత్తది, తడిది, తెల్లటి చారలది,
పారని వదలనంటూ పట్టుకునేది.

మేలు చేస్తున్నాననే అనుకున్నాను.
మొక్క మొదట్లో ఒక్కో దోసెడు,
ముద్దొచ్చిన మొక్కలకి రెండేసి.

మూడోనాటికి ఆకుల అంచులు
పొయ్యికి దగ్గరగా పెట్టిన కాగితంలా ముడుచుకున్నాయి.
వారం తిరిగేసరికి మడి మడంతా గోధుమరంగు.
ముద్దొచ్చినవే ముందు పోయాయి.

పెద్దమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.
వంగి, మట్టి గోటితో గీరి, వాసన చూసి
"పచ్చిది పెట్టావు" అంది,
పచ్చిపాలు, పచ్చిమాంసం అన్నంత మామూలుగా.
"ఆవుది నెమ్మది. గొర్రెది నడిమి రకం.
కోడిది నిప్పురా నొల్బెర్తో.
చల్లారే తీరిక ఇవ్వకపోతే
పెట్టిన చేతికి పెట్టినట్టే చూపిస్తుంది."

షెడ్డు వెనక, వాన తగలకుండా రేకు కింద, కుప్ప వేశాం.
బుట్టెడు పెంటకి రెండు బుట్టల రంపపుపొట్టు,
చిత్తడి గడ్డి, ఆపిల్ తొక్కలు,
ఆటు దిగినప్పుడు ఒడ్డున ఏరుకొచ్చిన సముద్రపు నాచు.
రెండు వారాలకోసారి తిరగెయ్యడం నా వంతు.
తిరగేసినప్పుడల్లా ఆ ఘాటు
ముక్కులోంచి నేరుగా కళ్ళలోకి ఎక్కేది.
పంతొమ్మిదేళ్ళ కొలువుకి రెండు వాక్యాల ఉత్తరం అందిన రోజు
చుక్క రాలని కళ్ళు
ఇక్కడ ధారగా కారాయి.
"పెంట ఘాటు" అన్నాను.
"అవును, ఘాటే" అంది పెద్దమ్మ, అటు తిరిగి.

జులైలో ఒక తెల్లవారి, మంచు కరకరలాడుతుంటే
"చెయ్యి పెట్టు" అంది.
మోచేతి దాకా దూర్చాను.
లోపల జ్వరం. బతికున్న జంతువు కడుపులా.
దీవి మొత్తం మీద ఆ పొద్దున
అంత వెచ్చగా ఉన్నది ఆ కుళ్ళొక్కటే.

జేబులో అప్పటిదాకా మోస్తున్న ఉత్తరం తీశాను.
ఆమె అడగలేదు, చదవలేదు.
"కవరుకున్న ప్లాస్టిక్ కిటికీ చింపెయ్,
అది కుళ్ళదు" అంది, అంతే.

అక్టోబరుకి వాసన పోయింది.
పోయిందంటే,
అడవిలో వానపడ్డ మర్నాటి వాసన వచ్చింది.
నల్లగా, పొడిపొడిగా, చేతికి అంటకుండా.
పిడికిట్లో నలిపి చూస్తే
ఒక కాగితప్పేలిక, దాని మీద సగం కంపెనీ ముద్ర,
దాన్ని దాటుకుంటూ తన పనిమీద పోతున్న వానపాము.

మళ్ళీ ముప్పై మొక్కలు.
ఈసారి మొదలుకి దూరంగా, జానెడు ఎడంగా, పలచగా.
ముద్దొచ్చినవాటికీ అంతే.

ఇరవై రెండో మొక్క దగ్గరుండగా ఫోను మోగింది.
రెండు చేతులూ మట్టే. మోగి మోగి ఆగింది.
వంగి చూశాను: పాత కంపెనీ నంబరు.

కుంటి పుంజు కంచె సందులోంచి దూరి
సరిగ్గా కొత్త మడిలోకే నడిచొచ్చింది.
"ఎవరూ?" అంది పెద్దమ్మ గుమ్మంలోంచి.
పుంజు గురించో, ఫోను గురించో.

ఇంకా ఎనిమిది మొక్కలున్నాయి.
పుంజుని అదిలించాను.